తుపాకీ వదిలి తాపీ పట్టిన కాటన్
(రామన్నపేటలో స్నాతకోత్సవ ప్రసంగం)

గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన జనరల్ సర్ ఆర్థర్ థామస్ కాటన్ వృత్తికి సైనికుడు, నమ్మకానికి నిష్ఠగల క్రైస్తవుడు, చేసిన పనికి బేల్దారి. ఈ మూడూ అతని జీవితంలో వేరువేరు అధ్యాయాలు కావు. ఒకదాని క్రమశిక్షణ మరొకదానికి పునాది అయింది.

కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో పుట్టాడు. పదకొండు మంది అన్నదమ్ముల్లో పదోవాడు. పదిహేనేళ్లకు ఈస్టిండియా కంపెనీ నడిపే ఆడిస్కోంబ్ సైనిక విద్యాలయంలో చేరాడు. 1819లో ఇంజనీర్ల దళంలో అధికారి అయ్యాడు, 1821లో మద్రాసు కొలువుకు వచ్చాడు. రామేశ్వరం దగ్గర పాంబన్ జలమార్గం పని చూశాక మొదటి బర్మా యుద్ధానికి (1824–26) వెళ్లి, కోటల ముట్టడిలో పాల్గొన్నాడు. దైవభక్తి యౌవనంలోనే అతనిలో వేళ్లూనింది. తరువాత విశాఖపట్నంలో పనిచేసినప్పుడు సముద్రపు కోతను ఆపే కట్టుబడులతో పాటు ఒక చర్చి కూడా కట్టించాడు. ఆకలితో ఉన్నవారికి అన్నం పుట్టించే పనిని అతను దేవుడు అప్పగించిన బాధ్యతగానే చూశాడు.

అతని అసలు చదువు 1828 తరువాత కావేరి ఒడ్డున మొదలైంది. కావేరి నీరు పల్లంగా ఉన్న కొల్లిడం పాయలోకి మళ్లిపోయి తంజావూరు పొలాలు ఎండుతున్న రోజులవి. అక్కడే కరికాల చోళుడు కట్టించాడని చెప్పుకునే కల్లణై ఆనకట్ట ఉంది. లోతు తెలియని ఇసుకలో వందల ఏళ్లుగా నిలిచిన ఆ కట్టుబడిని కాటన్ అణువణువూ పరిశీలించాడు. ఇసుక మీద బరువైన రాళ్లు పోస్తే వరద వాటి కింది ఇసుకను తొలుస్తుంది, రాళ్లు దిగుతాయి. మళ్లీ పోస్తే మళ్లీ దిగుతాయి. కొన్నాళ్లకు దిగడం ఆగుతుంది. అప్పుడు దాని మీద గోడ లేపవచ్చు. ఆడిస్కోంబ్‌లో దొరకని ఈ పాఠాన్ని పేరు తెలియని పాత తాపీ మేస్త్రీల పని నుంచి నేర్చుకున్నానని అతను దాచుకోకుండా రాశాడు. ఆ విద్యతోనే 1836లో కొల్లిడం మీద ఎగువ, దిగువ ఆనకట్టలు లేచాయి.

ఇక గోదావరి. 1832–33లో, నందన నామ సంవత్సరంలో వచ్చిన కరువు తెలుగు జిల్లాలను ఊడ్చేసింది. 1839లో కోరంగి తుపాను వచ్చింది. 1821లో 7.38 లక్షలున్న గోదావరి జిల్లా జనాభా 1841 నాటికి 5.61 లక్షలకు పడిపోయింది. కళ్లముందు ఇంత పెద్ద నది పారుతూ సముద్రంలో కలుస్తుంటే ఒడ్డున జనం తిండిలేక చనిపోయారు. 1844లో కాటన్ సమగ్ర నివేదిక ఇచ్చాడు. కంపెనీ వారికి దయ కన్నా లెక్క ముఖ్యం కనుక, పెట్టిన డబ్బు శిస్తు రూపంలో ఎలా తిరిగొస్తుందో అంకెలతో చూపించాడు. 1846 డిసెంబరులో అనుమతి వచ్చింది, 1847లో పని మొదలైంది.

ధవళేశ్వరం దగ్గర నది దాదాపు ఆరు కిలోమీటర్ల వెడల్పు. మధ్యలోని లంకలు దాన్ని పాయలుగా చీలుస్తాయి. అందుకే ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా ఆనకట్ట కట్టారు. ఇసుకలో బావులు దించి పునాది వేశారు. ధవళేశ్వరం కొండను పగలగొట్టి రాయి తెచ్చారు. సుమారు పదివేల మంది కూలీలు పనిచేశారు. అడిగినంత మంది ఇంజనీర్లు దొరకలేదు. 1848లో ఆరోగ్యం చెడి కాటన్ ఆస్ట్రేలియా వెళ్లవలసి వస్తే కెప్టెన్ ఆర్ పని ఆగకుండా నడిపించాడు. కూలీలను సమకూర్చి, వారిని ఒక తాటి మీద నడిపిన వీణెం వీరన్న పాత్ర అంతకు తక్కువేమీ కాదు. ఆయనకు తరువాత రాయ్ బహదూర్ బిరుదు వచ్చింది. 1852 మార్చికి ఆనకట్ట పూర్తయింది. ఆ వెంటనే విజయవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పనిని అదే కెప్టెన్ ఆర్ చేపట్టి 1855కు ముగించాడు.

కాటన్ తలపెట్టినవన్నీ ఫలించలేదు. ఆ వైఫల్యాలు తెలంగాణకు దగ్గరివి. గోదావరిలో పైదాకా పడవలు నడపాలని భద్రాచలం ఎగువన దుమ్ముగూడెం దగ్గర కట్టిన ఆనకట్ట, లాకులు ఆ కలకు మొదటి మెట్టు. 1871లో ఆ జలమార్గం పని ఆపేశారు. గద్వాల సీమకు ఎదురుగా, తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర మొదలయ్యే కర్నూలు–కడప కాలువ అతను ప్రోత్సహించిన ప్రైవేటు కంపెనీ పని. ఖర్చు అంచనా దాటింది. నల్లరేగడి రైతులు నీరు తీసుకోవడానికి ముందుకు రాలేదు. చివరకు 1882లో ప్రభుత్వమే దాన్ని కొనుక్కుంది. డెల్టాలో నెగ్గిన లెక్క మెట్టలో నెగ్గలేదు. నేల మారితే లెక్కా మారాలి.

నల్లగొండ, మహబూబ్‌నగర్ నేలలు ఇందుకు నిదర్శనం. ఇక్కడ నది లోతున పారుతుంది, ఊళ్లు రాతి గుట్టల మధ్య ఎత్తున ఉంటాయి. ఇక్కడి పెద్దలు అందుకు తగ్గ విద్యనే పట్టారు: వాగుకు అడ్డంగా కత్వ, వాన నీటికి చెరువు, చెరువుకు తూము, మత్తడి. మూసీ మీద కత్వలు కట్టి, కాలువలు తవ్వి పొలాలకు నీరు పారించారు. నీరు చాలక బోర్లు లోతుకు పోయిన చోట ఫ్లోరైడ్ ఎముకలను వంచింది. 1955లో శంకుస్థాపన జరిగి 1967లో కాలువలకు నీరొదిలిన నాగార్జునసాగర్, ఆ తరువాతి ఎత్తిపోతల పథకాలు ఈ నేలకు తగిన కొత్త లెక్కలు.

కాటన్ 1860లో కొలువు విడిచాడు. మరుసటి ఏడాది సర్ బిరుదు వచ్చింది. భారతదేశంలో రైలు మార్గాల కన్నా కాలువలే కరువును ఆపుతాయని వాదిస్తూ 1878లో ఇంగ్లండులో పార్లమెంటు కమిటీ ముందు నిలబడ్డాడు. ముసలితనంలో డోర్కింగ్‌లోని తన తోటలో లోతు దుక్కితో గోధుమ దిగుబడి పెంచే ప్రయోగాలు చేశాడు. 1899 జూలై 24న చనిపోయాడు. పాత ఆనకట్ట స్థానంలో 1982లో పూర్తయిన బ్యారేజీకి అతని పేరే పెట్టారు. దాని కింద నేడు దాదాపు పది లక్షల ఎకరాలు సాగవుతున్నాయి.

రామన్నపేట రైతు ఇంట పట్టా అంటే ముందు గుర్తుకొచ్చేది భూమి కాగితం. ఆ కాగితం ఉన్నంత మాత్రాన పంట పండదు, నీరు పారాలి, చేయి కదలాలి. చదువు పట్టా కూడా అటువంటిదే. పదహారేళ్లకు అధికారి అయిన కాటన్ పాతికేళ్ల వయసులో కావేరి ఇసుకలో దిగి, పేరు తెలియని మేస్త్రీల కట్టుబడి ముందు మళ్లీ విద్యార్థి అయ్యాడు. నేడు పట్టా అందుకుంటున్నవారు రేపు తమ ఊరి చెరువు కట్ట మీద నిలబడి, తూము ఎవరు కట్టారో, ఎందుకు అలా కట్టారో అడిగి తెలుసుకుంటే, మిగిలిన చదువు అక్కడ మొదలవుతుంది.