పెళ్లిరోజు ట్రిప్: కేక్ సర్‌ప్రైజ్ ఇవ్వండి, దేశం కాదు

ఈ వారం టాపిక్ మీరు అడిగిందే. "బ్రో, ఫస్ట్ పెళ్లిరోజు వస్తోంది. మాల్దీవ్స్‌కి వెళ్లాలా, బాలీకి వెళ్లాలా?" ఈ మెసేజ్ వచ్చినప్పుడల్లా నేను తిరిగి ఒకటే అడుగుతాను. "మీ ఆవిడని అడిగావా?" చాలామంది రిప్లై కూడా ఒకటే. "లేదు బ్రో, సర్‌ప్రైజ్."

సరే. నేనూ సర్‌ప్రైజే ఇచ్చాను. ముందు ఆ కథ చెప్తాను, తర్వాత పనికొచ్చే లెక్కలు చెప్తాను. ఈ కథ చెప్పడానికి తన పర్మిషన్ తీసుకున్నా. ఒక్కటే షరతు పెట్టింది, "నా పేరు చెప్పకు" అని. కాబట్టి ఈ ఎపిసోడ్ మొత్తం "తను" అనే అంటాను.

మా పెళ్లి శ్రావణ మాసంలో అయింది, అంటే ఆగస్టు. అప్పుడు నేనింకా కోడింగ్ ఉద్యోగంలోనే ఉన్నా. ఫస్ట్ పెళ్లిరోజుకి రెండు నెలల ముందు ఒక రీల్ చూశాను. సముద్రం మీద చెక్క ఇల్లు, గదిలో నేలకి అద్దం, అద్దం కింద చేపలు. అంతే, ఫిక్స్ అయిపోయా. ఆఫర్ కూడా ఉంది. నాలుగు రాత్రులు, వాటర్ విల్లా, సీప్లేన్‌తో సహా. చేతిలో డబ్బు చాలక లోన్ పెట్టి బుక్ చేశాను. తనకి మాత్రం "పాస్‌పోర్ట్ రెడీగా పెట్టుకో" అని చెప్పా, అంతే. శంషాబాద్ ఎయిర్‌పోర్ట్‌లో బోర్డింగ్ పాస్ చేతిలో పెట్టి "మాల్దీవ్స్!" అన్నాను. నవ్వింది. చాలా సంతోషించిందనుకున్నాను.

మేం మాలేలో దిగేసరికి సాయంత్రమైంది. అక్కడ సీప్లేన్లు పగటి వెలుగులో మాత్రమే ఎగురుతాయి. ఆ సంగతి నాకు తెలీదు. దాంతో మొదటి రాత్రి ఎయిర్‌పోర్ట్ దగ్గర్లో మామూలు రూమ్‌లో, సొంత ఖర్చుతో గడిచిపోయింది. మర్నాడు దీవికి చేరాం. వాన. ఆఫర్ ఎందుకు ఇచ్చారో అప్పుడర్థమైంది. మే నుంచి అక్టోబర్ దాకా మాల్దీవ్స్‌కి నైరుతి రుతుపవనాలు. మనకొచ్చేవే వాళ్లకీ.

అయినా నేను ఫుల్ జోష్‌లో ఉన్నా. గదిలోకి వెళ్లగానే అద్దం దగ్గర బోర్లా పడుకుని చేపల్ని చూస్తున్నా. తను వచ్చి ఆ అద్దం మీద టవల్ పరిచేసింది. జోక్ అనుకున్నాను. మర్నాడు ఇద్దరం ఫొటో దిగాం. నా అకౌంట్‌లో ఇప్పటికీ ఎక్కువ లైకులు ఆ ఫొటోకే.

ఆ రాత్రి రెండింటికి మెలకువ వచ్చింది. చూస్తే తను కుర్చీలో కూర్చుని ఉంది, లైటు వేసుకుని.

"ఏమైంది?" అన్నాను.

"మంచం కింద నీళ్ల చప్పుడు. నిన్న కూడా నిద్ర పట్టలేదు" అంది.

చిన్నప్పుడు అమ్మమ్మగారి ఊళ్లో కాలవ రేవు మెట్ల మీద జారి నీళ్లలో పడిపోయిందట. ఎవరో జడ పట్టుకుని పైకి లాగారట. అప్పట్నుంచీ లోతు నీళ్లంటే భయం. "నీకు చెప్పాను కదా, పెళ్లికి ముందు ఫోన్లో" అంది. చెప్పింది. నాకు గుర్తుంది కూడా. కానీ బుక్ చేసేటప్పుడు ఒక్క క్షణం కూడా తట్టలేదు.

"మరి ఎయిర్‌పోర్ట్‌లోనే చెప్పొచ్చు కదా?" అన్నాను.

"అంత సంబరంగా చెప్పావు. డబ్బు కూడా కట్టేశావు. ఇంకేమంటాను?"

చూడండి, నేను ఇచ్చింది గిఫ్ట్ అనుకున్నాను. కానీ కాదు అనే దారి లేకుండా చేసి ఇచ్చాను. లక్షల్లో ఖర్చు పెట్టాక, టికెట్ చేతిలో పెట్టాక, ఎదుటి మనిషికి నవ్వడం తప్ప వేరే ఆప్షన్ ఉండదు. నాకు అన్నిటికంటే ఎక్కువ లైకులు తెచ్చిన ఆ నవ్వు, రాత్రంతా నిద్ర లేని మనిషి నవ్వు. మర్నాడు రిసెప్షన్‌లో అడిగితే ఇసుక మీద కట్టిన గది ఒకటి ఖాళీగా ఉందన్నారు. అందులోకి మారాం. చివరి రాత్రి తను హాయిగా పడుకుంది. ఆ ట్రిప్ లోన్ మాత్రం ఇంకో ఏడాది కట్టాం.

మాల్దీవ్స్‌ది తప్పేం కాదు. నీళ్లంటే ఇష్టమున్న జంటకి, సరైన నెలలో, అది స్వర్గమే. తప్పు నేను ఎంచుకున్న పద్ధతిది. అందుకే రెండో పెళ్లిరోజుకి పద్ధతి మార్చాం. అదే ఇప్పుడు మీకు చెప్తున్నా.

ఒక ఆదివారం ఇద్దరం చెరో ఫోన్ తీసుకుని, చెరో మూల కూర్చున్నాం. రూల్ ఒక్కటే. దేశం పేరు రాయకూడదు. ఐదు లైన్లు రాయాలి. పొద్దున ఎలా ఉండాలి, సాయంత్రం ఎలా ఉండాలి, తప్పకుండా కావాల్సింది ఒకటి, అస్సలు వద్దనేది ఒకటి, ఎంత ఖర్చయితే ఇంటికొచ్చాక బాధ పడం. రాశాక ఫోన్లు మార్చుకున్నాం.

నాది ఇలా ఉంది: లేటుగా లేవాలి. సాయంత్రం సముద్రం. మంచి కాఫీ కావాలి. రోజుకో హోటల్ మారడం వద్దు. ఈసారి లోన్ వద్దు.

తనది: పొద్దున్నే నడవాలి, మనల్ని ఎవరూ గుర్తుపట్టని వీధుల్లో. సాయంత్రం దీపాలు, జనం. శాకాహారం దొరకాలి. నీళ్లు చూస్తాను, నీళ్ల మధ్యలో ఉండను. పోయినసారి ఖర్చులో సగం.

దేశాల పేర్లతో మొదలుపెట్టి ఉంటే గొడవయ్యేది. నేను బాలీ అనేవాడిని, తను ఇంకోటి అనేది. రోజు ఎలా గడవాలో రాసుకుంటే ఇద్దరిదీ దాదాపు ఒకే ఊరని తెలిసింది. నడిచి తిరిగేంత చిన్న ఊరు, దగ్గర్లో బీచ్, రాత్రి వెలుగులు. ఆ ఊరి పేరు వెతకడమే మిగిలింది.

ఇక్కడ నెల సంగతి వస్తుంది. ఇది జాగ్రత్తగా వినండి. మన పెళ్లిరోజు తేదీ పంతులుగారు పెట్టిన ముహూర్తం. అక్కడి వానలకి ఆ పంచాంగంతో సంబంధం లేదు. కాబట్టి మీ పెళ్లి ఏ మాసంలో అయిందో చూసుకోండి.

మాఘం, ఫాల్గుణంలో అయిందా, అంటే ఫిబ్రవరి, మార్చి? మాల్దీవ్స్‌కి మంచి సమయం. థాయ్‌లాండ్‌లో ఫుకెట్, క్రాబీ వైపు బాగుంటుంది. శ్రీలంక దక్షిణ తీరం బాగుంటుంది. బాలీలో మాత్రం అప్పుడు వానలు. పైగా ఉగాది దగ్గర్లోనే బాలీ వాళ్ల కొత్త సంవత్సరం వస్తుంది. దాని పేరు న్యేపి. ఆ రోజు ద్వీపమంతా మౌనం. ఎయిర్‌పోర్ట్ కూడా 24 గంటలు మూసేస్తారు, టూరిస్టులు కూడా హోటల్ దాటి బయటికి రాకూడదు. తెలిసి వెళ్తే అదో అనుభవం, తెలియకుండా ఆ రోజుకి ఫ్లైట్ వెతికితే దొరకదు.

వైశాఖం, జ్యేష్ఠంలో అయిందా, అంటే మే, జూన్ వైపు? బాలీలో పొడి కాలం. మారిషస్ చల్లబడుతుంది, ఎందుకంటే వాళ్లకి మన వేసవిలో చలికాలం మొదలవుతుంది. మారిషస్‌లో తెలుగు మూలాలున్న వాళ్లు తరతరాలుగా ఉన్నారు, అక్కడ ఉగాది ప్రభుత్వ సెలవు. జనవరి నుంచి మార్చి దాకా మాత్రం తుఫాన్ల భయం ఉంటుంది. యూరప్ అనుకుంటే షెంగెన్ వీసాకి ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే అప్లై చేయొచ్చు. వేసవిలో స్లాట్లు దొరకడం కష్టం కాబట్టి ముందే మొదలుపెట్టండి.

మాలాగా శ్రావణమా? బాలీ బాగుంటుంది, కానీ రద్దీ. శ్రీలంకలో నైరుతి తీరం తడిసిపోతుంటే, తూర్పున ట్రింకోమలీ వైపు ఎండ కాస్తుంది. వియత్నాం మధ్య తీరం, అంటే దనాంగ్, హోయ్ ఆన్ వైపు, వేడిగా ఉంటుంది కానీ పెద్ద వానలు ఇంకా మొదలవవు.

కార్తీకం, మార్గశిరం వాళ్లకి, అంటే నవంబర్, డిసెంబర్, ఫుకెట్ మళ్లీ తెరుచుకుంటుంది, దుబాయ్ చల్లగా ఉంటుంది. అదే నెలల్లో వియత్నాం మధ్య తీరంలో వానలు. అక్టోబర్, నవంబర్లలో హోయ్ ఆన్ వీధుల్లోకి నది నీళ్లు వచ్చేసిన ఏళ్లు చాలా ఉన్నాయి.

లేదు, నాకు ఫలానా చోటే కావాలి అంటారా? అప్పుడు తేదీ మార్చండి. పెళ్లిరోజున ఇంట్లో పాయసం తినండి, గుడికి వెళ్లండి, ట్రిప్ మూడు నెలల తర్వాత పెట్టుకోండి. ముహూర్తం పెళ్లికి కావాలి, ట్రిప్‌కి అక్కర్లేదు.

తర్వాత డబ్బు. స్క్రీన్ మీద కనిపించే రేటు మీరు కట్టే రేటు కాదు. మాల్దీవ్స్ రిసార్ట్ రేటు పక్కన ప్లస్ ప్లస్ అని ఉందంటే, దాని మీద 10 శాతం సర్వీస్ చార్జీ, ఆ పైన 17 శాతం పన్ను పడుతుంది. 400 డాలర్ల గది 515 దాకా వెళ్తుంది. రిసార్టుల్లో గ్రీన్ ట్యాక్స్ మనిషికి రాత్రికి 12 డాలర్లు, ఇద్దరికి 24. అంటే ఒక్క రాత్రికి దాదాపు 540. సీప్లేన్ వేరే, తిండి వేరే. దీవిలో బయట హోటల్ అంటూ ఉండదు కాబట్టి మంచినీళ్ల దగ్గర్నుంచీ వాళ్ల రేటే.

ఇక్కడ ట్రావెల్ ఏజెంట్ దగ్గర విదేశీ ప్యాకేజీ కొంటే టీసీఎస్ అని కొంత వసూలు చేస్తారు. అది పోదు, మీ ఐటీ రిటర్న్‌లో సర్దుబాటు అవుతుంది. కానీ కట్టే రోజున చేతిలో ఉండాలి కదా, లెక్కలో వేసుకోండి. అక్కడ కార్డు గీకేటప్పుడు "రూపాయల్లో కట్టాలా, వాళ్ల కరెన్సీలోనా" అని మెషీన్ అడిగితే, వాళ్ల కరెన్సీ నొక్కండి. రూపాయలు నొక్కితే మార్పిడి రేటు వాళ్లు చెప్పిందే అవుతుంది, మామూలుగా అది మనకి నష్టం.

పాస్‌పోర్ట్ గడువు ప్రయాణం నాటికి కనీసం ఆరు నెలలు ఉండేలా చూసుకోండి. ఇంకోటి, మన తెలుగువాళ్ల ఇంటిపేరు గొడవ. పెళ్లయ్యాక తన ఇంటిపేరు మార్చాలేమో అని కంగారు పడకండి. ఇద్దరి ఇంటిపేర్లు వేరైనా ప్రయాణానికి ఇబ్బంది లేదు. టికెట్ మీద, వీసా మీద పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నది ఉన్నట్టు, అక్షరం తేడా లేకుండా ఉండాలి. అది చాలు.

సరే, మేం ఎక్కడికి వెళ్లామో ఈపాటికి మీకు అర్థమయ్యే ఉంటుంది. హోయ్ ఆన్. వియత్నాం ఈ-వీసా ఒకసారి వెళ్లి రావడానికి 25 డాలర్లు, ఆన్‌లైన్‌లోనే. ప్రభుత్వ సైట్‌లోనే చేయండి, అలాగే కనిపించే ప్రైవేటు సైట్లు ఎక్కువ తీసుకుంటాయి. దనాంగ్‌లో దిగి కారులో వెళ్తే గంటలోపే ఊరు.

పాత ఊరు యునెస్కో జాబితాలో ఉంది, 1999 నుంచి. పసుపు రంగు గోడలు, సాయంత్రమైతే వీధి నిండా కాగితం, పట్టు లాంతర్లు. తను పొద్దున ఆరింటికే నడకకి వెళ్లిపోయేది. నేను నిద్ర. ఎనిమిదింటికి తనొచ్చి లేపి, ఏం చూసిందో చెప్పేది. హోటల్ బోర్డు మీద "చాయ్" అని కనిపిస్తే నేను టీ అనుకున్నా. వాళ్ల భాషలో అది శాకాహారం. ఆ ఒక్క మాటతో ఐదు రోజులు తిండికి ఇబ్బంది పడలేదు. ఒక రోజు మీ సన్ వెళ్లాం. చంపా రాజులు కట్టిన శివాలయాలు, ఎర్ర ఇటుకలతో, వందల ఏళ్ల నాటివి. అది నా లిస్టులోనూ లేదు, తన లిస్టులోనూ లేదు. ఇద్దరికీ గుర్తుండిపోయింది.

చివరి సాయంత్రం నది దగ్గరికెళ్లాం. అక్కడ లాంతర్లు పెట్టిన చిన్న పడవలు తిప్పుతారు. జంటలన్నీ ఎక్కుతున్నాయి. నాకు ఎక్కాలనుంది. తన వైపు చూశాను.

"నువ్వెళ్లు. నేను ఇక్కడే కూర్చుంటా" అంది.

"ఒక్కడినే ఏం బాగుంటుంది?"

"నాకు బాగుంటుంది. వెళ్లు."

పడవలో నేనొక్కడినే. తను గట్టు మీద కాఫీ తాగుతూ కూర్చుంది. మధ్యలో చెయ్యి ఊపింది, నేనూ ఊపాను. అక్కణ్నుంచి తను నా ఫొటో ఒకటి తీసింది. కాస్త షేక్ అయింది, ముఖం సరిగ్గా కనపడదు. ఎక్కడా పోస్ట్ చేయలేదు. మా ఫ్రిజ్ మీద ఉంది.

అందుకే మాల్దీవ్సా బాలీనా అని నన్ను అడగకండి. ఈ రాత్రి అన్నం తిన్నాక ఇద్దరూ ఐదేసి లైన్లు రాసి ఫోన్లు మార్చుకోండి. నాలుగో లైన్, "అస్సలు వద్దు" అనేది, ముందు చదవండి. అక్కడ ఏముందో మీకు ముందే తెలిసి ఉంటే మీరు అదృష్టవంతులు. తెలియకపోతే, టికెట్ కొనకముందే తెలిసింది, అదీ అదృష్టమే.

మీ లిస్టుల్లో ఒకరిది ఒకరికి అస్సలు కుదరని లైన్ ఏదో కామెంట్‌లో రాయండి, దాని మీదే ఇంకో ఎపిసోడ్ చేద్దాం. వచ్చే వారం కలుద్దాం. ఉంటాను.