చెరువు మట్టి – చేనికి బలిమి

1562లో ఇబ్రహీం కుతుబ్‌షా కాలమున కట్టిన హుసేన్‌సాగరు గతి మీరెరుగుదురు. మోతీనగర్ చేరువలో పారు కూకట్‌పల్లి నాలా పట్నపు మురుగును తెచ్చి అందులో కలిపినది. ఒకప్పుడది వాననీటి వాగు! అట్టి మురుగు చేరిన చెరువు మట్టిని చేనికి తోలరాదు, అందులో విషలోహములుండవచ్చును.

మీ చెరువు ఇంకను శుభ్రముగా నున్నచో అదృష్టమే. 2015లో మిషన్ కాకతీయ క్రింద ప్రభుత్వము పూడిక తీయించగా, రైతులు ట్రాక్టర్లపై తోలుకొన్నారు. ఆ ఒండ్రు ఎర్ర చెల్కలలో తేమను నిలుపును. నల్లరేగడికి అంత అక్కరలేదు. ముందు మట్టి పరీక్ష చేయించుడు, వేసవిలోనే తోలుడు. కట్ట మొదట మాత్రము గోతులు తీయకుడు. ఊట పుట్టి కట్టకే ముప్పు. ఎంత పూడిక తీసినను, నీరు వచ్చు కాలువను ఎవరో దున్నుకొన్నచో చెరువు నిండదు. తొలకరికి ముందే పదిమంది కలిసి ఆ కాలువ వెంట మత్తడి దాక నడచి చూడుడు.