ప్రజాసేవయు పరిశోధనయు

(ప్రజాపాలనశాస్త్ర విద్యార్థుల సభలో మేము గావించిన ఉపన్యాసము)



మీ సంఘమువారు మమ్ము పిలిచి యొక ప్రశ్న వేసిరి. ప్రజాసేవను గూర్చియు, ప్రభుత్వ విధానములను గూర్చియు విశ్వవిద్యాలయములలో జరుగుచున్న పరిశోధనలవలన దేశమునకు కలుగు ప్రయోజనమేమి? ప్రశ్న సూటిగానున్నది. సమాధానమును గూడ సూటిగానే చెప్ప యత్నించెదము.

దేవుడు వరమిచ్చినను పూజారి వరమీయడని మన పల్లెలలో నొక సామెత కలదు. పాలనాశాస్త్రములో సగము ఈ యొక్క మాటలో నిమిడియున్నదన్నచో అతిశయోక్తి కానేరదు. రాజధానిలో శాసనము పుట్టును. బడ్జెట్టులో కోట్లు కేటాయింపబడును. పత్రికలలో ప్రకటనలు వెలువడును. ఇదియంతయు దేవుని వరము. కాని పల్లెలో ముదుసలి యొకతె తన కాగితము కొంగున ముడివేసికొని పోయి యొక వాకిట నిలుచును. ఆ వాకిటనున్నవాడు “రేపు రా, అవ్వా” అన్నచో, ఆ దినమునకు ఆమె పాలిటికి శాసనమును లేదు, బడ్జెట్టును లేదు. ఆమెకు తెలిసిన ప్రభుత్వము ఆ వాకిలి యొక్కటియే.

అమెరికా రాజనీతిశాస్త్రజ్ఞుడు మైకేల్ లిప్‌స్కీ 1980లో ప్రకటించిన గ్రంథములో ఈ విషయమునే శాస్త్రముగా నిరూపించెను. ఉపాధ్యాయుడు, పోలీసు జవాను, సహాయధనమిచ్చు కచేరిలోని గుమాస్తా, వీరు పై యధికారుల యాజ్ఞలను మోయు యంత్రములు కారనియు, పని యెక్కువయై వసతి తక్కువయైనప్పుడు వీరు దినదినము చేసికొను చిన్న చిన్న నిర్ణయములే జనులకు అందు విధానమగుననియు అతని వాదము. మన సామెతకు అతడు చేర్చినది యొకటి కలదు. పూజారిని తిట్టి యూరకుండక, పూజారి యెందువలన అట్లు చేయుచున్నాడో విచారింపుమన్నాడు. ఆ విచారణయే పరిశోధన.

ఇది పరదేశమునుండి దిగిన విద్య యని తలపకుడు. కొలంబియా విశ్వవిద్యాలయమున చదివి వచ్చిన జె. సి. కుమారప్ప, గాంధీమహాత్ముని ప్రేరణచే గుజరాతు విద్యాపీఠమున చేరి, 1930 ప్రాంతమున విద్యార్థులను వెంటబెట్టుకొని ఖేడా జిల్లాలోని మాతర్ తాలూకా గ్రామములు తిరిగెను. రైతు ఆదాయమెంత, అప్పెంత, శిస్తెంత యని గడపగడపకు పోయి లెక్క వ్రాయించెను. శిస్తు భారమును గూర్చి పరప్రభుత్వముతో వాదింపవలెనన్న ఆవేశము చాలదు, అంకెలు కావలెనని వారు గ్రహించిరి. మన యాంధ్రమున ఆచార్య ఎన్. జి. రంగా కృష్ణా గోదావరి మండలముల పల్లెల ఆర్థికస్థితిని విచారించి 1926లో గ్రంథము వెలువరించెను. కనుక పల్లెకు పోయి ప్రజలనడిగి వ్రాయుట స్వరాజ్యోద్యమమునందే దేశసేవగా నెంచబడినది. నాడు ఆ లెక్క పరప్రభుత్వమును నిలదీయుటకు పనికివచ్చినది. నేడు మన ప్రభుత్వమును మనము నిలదీయుటకు పనికిరావలెను.

ఇక మన యింటి యుదాహరణమునకే వత్తము. జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టము 2005లో పుట్టినది. 2006 ఫిబ్రవరి 2వ తేదీన నాటి ప్రధానమంత్రి మన్మోహన్ సింగ్ అనంతపురము జిల్లా బండ్లపల్లిలో ఆ పథకమును ఆరంభించెను. గ్రామీణ కుటుంబమునకు ఏట నూరు దినముల పని యనునది ఆ చట్టమిచ్చిన హామీ. వరము గొప్పది. కాని మట్టి త్రవ్విన కూలికి డబ్బు ఎన్నాళ్ళకు వచ్చుచుండెను? వచ్చినది పూర్తిగా వచ్చుచుండెనా? మస్టరులో నొక సంఖ్య, కూలి చేతిలో వేరొక సంఖ్య యైనచో కంచెయే చేను మేసినట్లు గదా!

నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము వ్రేలిముద్రతో పనిచేయు స్మార్టు కార్డులను తెచ్చి, కూలిడబ్బును ఊరిలోనే చెల్లింప సంకల్పించెను. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తాంకర్ అను ముగ్గురు అర్థశాస్త్రజ్ఞులు దీనిని పరీక్షింప బూనిరి. ఎనిమిది జిల్లాలలో 157 మండలములు, సుమారు 1 కోటి 90 లక్షల జనము. ఏ మండలమునకు ముందు, ఏ మండలమునకు వెనుక అనుదానిని ప్రభుత్వ సమ్మతితో చీట్లు వేసినట్లు నిర్ణయించిరి. ఎందుకనగా అధికారులే యేరుకొన్నచో సులువైన మండలములను ముందు పెట్టుకొనవచ్చును. అప్పుడు ఫలము కార్డుదో, మండలముదో తేలదు. 2010లో ఆరంభమైన ఈ పని ఫలమును 2012లో కొలిచిరి. కొలిచిన విధము మిక్కిలి సులభము. కచేరి లెక్కలో ఎవరికెంత చెల్లించినట్లున్నదో చూచి, ఆ కూలీ యింటికే పోయి, నీ చేతికెంత వచ్చినదని యడిగిరి.

ఫలమేమి? రెండేండ్లకు గూడ ఆ మండలములలో సగము చెల్లింపులే క్రొత్త పద్ధతికి మారినవి. అట్లు సగమే నడచినను కూలి వచ్చుటలో జాప్యము 29 శాతము తగ్గెను. డబ్బు తెచ్చుకొనుటకు పట్టు కాలములో 22 నిమిషములు మిగిలెను. నడుమ కారిపోవు ధనము సుమారు 40 శాతము తగ్గెను. కూలీలకు మిగిలిన కాలమునకు విలువ కట్టినచో అదియొక్కటియే పథకమునకైన ఖర్చుకు సరిపోయెను. ఇవి 2016లో అచ్చైన వారి వ్యాసములోని ఫలితములు.

అంకెలకంటె ముఖ్యమైన సంగతి యింకొకటి కలదు. క్రొత్త పద్ధతివలన చేతివాటము తగ్గినవారు ఊరకుండిరా? వారికి నాయకులు తెలియును. కచేరుల దారి తెలియును. కార్డులు పనిచేయుట లేదు, జనము బాధపడుచున్నారను మాట వారి మూలమున పైకి చేరుచు వచ్చినది. పథకమును మాన్పవలయునను నాలోచనయు ఒకప్పుడు కలిగినది. లాభపడిన కూలీయో? వారము దినములు ముందుగా కూలి వచ్చినదని చెప్పుటకు కలెక్టరు కచేరికి పోవునా? అతని మాట వినుటకు ఆ దినమున నొక్క దారియే యుండెను. పరిశోధకులు పోయి యడిగినప్పుడు, నూటికి తొంబదిమందికి పైగా పాత పద్ధతికంటె కార్డులే మేలనిరి. పథకము నిలిచినది.

అడుగనిదే అమ్మయైనను పెట్టదందురు. కాని అడుగుటకు నోరులేనివాని మాట యేమి? అట్టివాని యొద్దకు మనమే పోయి యడుగుట పరిశోధన యొక్క ధర్మమని మా విశ్వాసము.

ఇంతమాత్రమున వ్రేలిముద్ర యంత్రమే దేశమునుద్ధరించునని భ్రమపడరాదు. ఆ ముగ్గురే ఝార్ఖండులో మరియొక పరీక్ష చేసిరి. అచ్చట 2016, 2017 సంవత్సరములలో రేషను దుకాణమున ఆధార్ వ్రేలిముద్ర పడినగాని బియ్యమీయరాదను నిబంధన వచ్చెను. ఆ నిబంధన వలన మాత్రమే దొంగతనమేమియు తగ్గలేదు. ఆధార్ సంఖ్యను ముందుగా నమోదు చేయించుకొనని కార్డుదారులకు అందు సరుకు విలువలో పదవవంతు తగ్గెను. తరువాత, యంత్రములోని లెక్కలనుబట్టి డీలర్లకిచ్చు ధాన్యమును సవరించినప్పుడు దొంగతనము తగ్గినది. దానితోపాటు బీదలకు అందునదియు తగ్గినది.

రెండుచోట్లను వ్రేలిముద్రయే. ఫలము వేరెందుకాయెను? ఆంధ్రములో కార్డు లేనివానికి పాత పద్ధతిని కూలి యిచ్చుట మానలేదు. పైగా డబ్బు ఊరిలోనికే వచ్చినది. ఝార్ఖండులో ముద్ర పడుట నియమమైనది. కలుపు తీసి, రాళ్ళు కొట్టి అరిగిపోయిన వ్రేళ్ళను యంత్రము గుర్తింపకపోవచ్చును. అప్పుడు ఆ బీదరాలికి వేరొక దారి యుంచితిరా లేదా? ఈ ప్రశ్నకు సమాధానము యంత్రములో లేదు, నియమము వ్రాసిన చేతిలో నున్నది. ఒకచోట జయించినదానిని వేరొకచోట కండ్లు మూసికొని నాటరాదని మనకు తెలిపినదియు పరిశోధనయే.

ఇంతదనుక వాకిట నిలిచినవారిని గూర్చి చెప్పితిమి. వాకిటికి లోపలనున్నవారిని గూర్చియు న్యాయముగా మాటాడవలెను. 2003లో ఇరువది రాష్ట్రములలో ముందుగా చెప్పక పాఠశాలలకు పోయి చూడగా, ఉపాధ్యాయులలో నూటికి 25 మంది బడిలో లేరని తేలినది. ఇది సిగ్గుపడవలసిన సంగతి. దీనిని దాచరాదు. అయినను సేవకులందరును సోమరులే యని తీర్పు చెప్పుటయు సత్యము కాదు. 1975 అక్టోబరు 2వ తేదీన ఆరంభమైన శిశు అభివృద్ధి పథకములోని అంగన్‌వాడి కార్యకర్తను చూడుడు. బిడ్డలకు అన్నము, తూకము, టీకాల విచారణ, గర్భిణీల జాబితా, పుస్తకములు నింపుట, ఇన్నియు నైన పిమ్మట అక్షరములు చెప్పవలెను. తమిళనాడులో 320 కేంద్రములను పరీక్షకు తీసికొని, వానిలో కొన్నింట సగము పూట పనిచేయు మరియొక కార్యకర్తను చేర్చి చూచిరి. చదువు చెప్పు కాలము రెట్టింపాయెను. పిల్లల చదువు మెరుగుపడుటయే కాక, పోషణలోపమును తగ్గెను. అక్కడ లోపించినది శ్రద్ధ కాదు, ఇంకొక జత చేతులు! ఇట్టి కార్యకర్తలకిచ్చునది జీతము కాదు, గౌరవవేతనమని మన ప్రభుత్వములు చిరకాలము వాదించినవి. వారికి గ్రాట్యుటీ హక్కు కలదని 2022లో సుప్రీంకోర్టు చెప్పవలసివచ్చినది. సేవకునికి అన్యాయము చేసి సేవ బాగుండవలెనని కోరుట, ఎద్దుకు గడ్డి పెట్టక దుక్కి లోతుగా సాగలేదని వగచుట వంటిది.

పరిశోధన చేయుటకు పట్టభద్రులే కావలెనా? కాదని మన యాంధ్రమే చూపినది. ఉపాధి పనులపై 2006నుండి యిచ్చట సామాజిక తనిఖీలు నడచినవి. 2009లో వానికై ప్రత్యేక సంస్థ ఏర్పడినది. కూలీల కుటుంబములలోని చదువుకొన్న యువకులే మస్టరు పట్టుకొని ఇల్లిల్లు తిరిగి, తేలినదానిని సభలో, అందరియెదుట, తెలుగులో చదివిరి. చచ్చినవాని పేర కూలి వ్రాసినచో, ఆతని తమ్ముడే లేచి అడుగగలడు. ఇంతకంటె గొప్ప పరిశోధన యేమి కలదు?

కాని దీని లోపమునుగూడ పరిశోధకులే కనిపెట్టిరి. ఫర్జానా ఆఫ్రిదీ, వేగార్డ్ ఐవర్సెన్ అనువారు 2006 మొదలు 2010 వరకు జరిగిన తనిఖీల నివేదికలను పరిశీలించిరి. కూలిడబ్బులోని అక్రమములు కొంత తగ్గినవి గాని, కనుగొనుటకు కష్టమైన సామగ్రి ఖర్చులోని అక్రమములు పెరిగినవి. దొంగిలించిన సొమ్ములో తిరిగి వచ్చినది స్వల్పము. అనగా నాడి చూచిరి, రోగము చెప్పిరి, మందు మాత్రమీయలేదు. సత్యము తెలిసిన తరువాత శిక్ష లేకున్నచో, దొంగ మానడు. తెలివి మాత్రము పెంచుకొనును.

విద్యార్థులారా! మీలో కొందరు రేపు పరిశోధకులగుదురు, కొందరు ఆ వాకిటనే ఉద్యోగులగుదురు. మీకు మా విన్నపములు మూడు.

మొదటిది: కచేరి లెక్కతో తృప్తి పడకుడు. లెక్క చూచినవెనుక ఆ లెక్కలో పేరున్న మనుష్యుని యింటికి పొండు. ఇచ్చువానిని, పుచ్చుకొనువానిని ఇరువురను అడుగుడు. మొరపెట్టినవారి మాటతోపాటు మొరపెట్టనివారి మాటయు వ్రాయుడు.

రెండవది: ఓటమిని దాచకుడు. ప్రభుత్వము ధనమిచ్చినదని ప్రభుత్వమునకు ప్రియమైన ఫలమునే వెదకుట పరిశోధన కాదు, స్తోత్రపాఠము. ఝార్ఖండు ఫలము కూడ ఆంధ్రఫలమంత విలువైనదే.

మూడవది మాకు మిక్కిలి ముఖ్యము. అనంతపురము కూలీ చెప్పిన మాట అమెరికాలో అచ్చగు పత్రికలో, ఆంగ్లమున వెలువడుచున్నది. మంచిదే; లోకము తెలిసికొననిండు. కాని ఆ కూలీకి ఎవరు తెలుపవలెను? తన యింటి గుమ్మమున గంటసేపు కూర్చుండి, తన అప్పు, తన కూలి, తన కష్టము అన్నియు చెప్పినదానికి తేలినదేమో తెలిసికొను హక్కు అతనికి లేదా? మనము అతనివద్ద అప్పు తెచ్చినవారము. ఆ అప్పు తీర్చుటకు దారి యొక్కటియే. తేలిన సత్యమును తెలుగున వ్రాసి, ఆ యూరికే పోయి, ఆ రచ్చబండ మీదనే చదువవలెను. తప్పుగా వ్రాసితిమని యెవరైన లేచినచో దిద్దుకొనవలెను.

అట్టి దినమున, “రేపు రా, అవ్వా” అన్నవానిని చూచి ఆ ముదుసలి, “ఎందుకు రావలె నాయనా?” అని అడుగగలదు. ఆ ప్రశ్న ఆమె నోట వచ్చిననాడు మీ పరిశోధన ఫలించినట్లని మేము తలంతుము.