బంతిపై ఉమ్మి – ఆటలో ధర్మము

 

నేడు నేను ముచ్చటింపబోవునది మన దేశపు ఆటను గూర్చి కాదు. అమెరికా దేశీయులకు మిక్కిలి ప్రియమైన బేసుబాలను ఆటను గూర్చి. పరదేశపు ఆటతో మనకేమి పని యని కొందఱు శంకింపవచ్చును. కాని, నిషేధమును వ్రాసిపెట్టినంతనే దోషము తొలగునా యను ప్రశ్న ఏ దేశమునందైనను, ఏ యూరియందైనను పుట్టునదే. ఈ ఆట చరిత్ర ఆ ప్రశ్నకు నూఱేండ్ల యనుభవముతో ఉత్తరము చెప్పుచున్నది.

మొదట ఆట తీరును వినుడు. మన పిల్లలాడు క్రికెట్టును మీరెఱుగుదురు. అందు బంతి సాధారణముగ నేలబడి లేచి వచ్చును. బేసుబాలునందో, నేలను తాకక గాలిలోనే రావలెను. విసరువానిని పిచ్చరందురు. సుమారు 12 తులముల బరువుగల తోలుబంతిని అతడు 60 అడుగుల 6 అంగుళముల దూరమునుండి విసరగా, ఎదుటివాడు కఱ్ఱతో దానిని కొట్టవలెను. పిచ్చరు వ్రేళ్లతో బంతిని త్రిప్పి విడుచును. ఆ త్రిప్పుటను బట్టియు, బంతిమీది కుట్టును బట్టియు దాని దారి వంగును. ఇంతవరకు ఇది నేర్పే.

ఈ నేర్పు చాలదని కొందఱు పన్నిన ఉపాయములు మూడు తెఱగులు. మొదటిది జారుడు. బంతిపై ఒకచోట ఉమ్మియో నూనెయో పూసినచో వ్రేళ్లు జారును. విసరు వేగముగనే యుండును గాని బంతి తగినంత తిరుగదు. అందుచే దగ్గఱకు వచ్చి తటాలున క్రిందికి దిగును. రెండవది గరుకు. తోలును ఒకప్రక్క గీచినచో గాలి రెండుప్రక్కల రెండు తీరుల నొరయును. బంతి ప్రక్కకు తొలగును. మూడవది జిగురు. వ్రేళ్లకు బంక యంటించుకొన్నచో పట్టు హెచ్చి, బంతి మిక్కుటముగ తిరిగి, కొట్టువాని కంచనా తప్పించును.

ఆదిలో ఉమ్మి బంతికి నిషేధమే లేదు. 1904వ సంవత్సరమున జాక్ చెస్‌బ్రో అను పిచ్చరు న్యూయార్కు జట్టునకు 41 ఆటలు గెలిచెను. 1908లో ఎడ్ వాల్ష్ షికాగో జట్టునకు 40 గెలిచెను. ఇరువురకును ఉమ్మి బంతియే ప్రధానాయుధము. రస్ ఫోర్డు అనువాని కథ మఱింత వింతయైనది. బంతి యొక స్తంభమునకు తగిలి గీచుకొనిపోగా దాని దారి మారుట నాతడు కనిపెట్టెను. పిమ్మట గరుకు ముక్కను చేతితొడుగులో దాచి, దానితో బంతిని రాచి, 1910లో 26 ఆటలు గెలిచెను. అయినను తాను విసరునది ఉమ్మి బంతియే యని లోకమును నమ్మించెను. చూడుడు, ఒప్పుకొన్న పని దాచిన పనికి తెఱయైనది!

ఆ కాలమున ఒకే బంతిని చాలసేపు వాడెడివారు. ఉమ్మిచేతను, పొగాకు రసముచేతను, మట్టిచేతను అది నల్లబడి కంటి కానకుండెడిది. 1920వ సంవత్సరపు ఆటలకు ముందే అధికారులు ఉమ్మిని, ఇతర పూతలను నిషేధించిరి. ఆ యేడే ఆగస్టు 16వ తేదీన న్యూయార్కులో కార్ల్ మేస్ విసరిన బంతి, క్లీవ్‌లాండు జట్టువాడగు రే చాప్‌మన్ తలకు తగిలెను. చప్పుడు విని, బంతి కఱ్ఱకే తగిలినదనుకొని మేస్ దాని నెత్తి తమవానికి విసరెనట. చాప్‌మన్ మఱునాడు తెల్లవాఱకుండ మరణించెను. అతనికి 29 ఏండ్లు; భార్య గర్భవతి. మేస్ ఆ బంతికేమైన పూసెనని యెవరును నిరూపింపలేదు. కాని మాసిన బంతి కొట్టువానికి కానరాలేదని పలువురు తలచిరి. నాటినుండి మాసిన బంతిని తీసివేసి క్రొత్తబంతి నిచ్చు అలవాటు బలపడెను.

ఆ నిషేధమునందు దయయు కలదు. ఉమ్మి బంతినే నమ్ముకొని బ్రదుకు 17 మందికి, ఆట విడుచువఱకు దానిని వాడుకొన ననుమతి యిచ్చిరి. వారిలో కడపటివాడు బర్లీ గ్రైమ్స్, 1934లో విరమించెను. విధి చేయువారు పాతవారి కూటిని తలచుట మెచ్చదగినది.

మఱి దోషము తొలగినదా? తొలగలేదు, చాటునకు పోయినది. గేలార్డ్ పెర్రీ 314 ఆటలు గెలిచినవాడు. తాను ఉమ్మి బంతి విసరితినని 1974లో, ఇంకను ఆడుచుండగనే, గ్రంథము వ్రాసి ప్రకటించెను! ఆ నేరమునకై అతనిని ఆటనుండి మొదటిసారి వెడలగొట్టినది 1982లో. 1991లో మహాక్రీడాకారుల కీర్తిమందిరమున చేర్చుకొనిరి. 1987లో జో నీక్రో జేబులు చూపుమని యడుగగా, గోళ్లు రాచుకొను ఆకురాయి యెగిరి క్రిందపడెను, చూచినవారు నవ్విరి. విధి పుస్తకమున నుండెను గాని చూచు కన్ను మూసికొని యుండెను. తుదకు జిగురు మితిమీఱగా, 2021 జూన్ 21వ తేదీనుండి అంపైర్లు ఆట నడుమ పిచ్చరుల టోపీని, చేతితొడుగును, నడికట్టును పరీక్షింప నారంభించిరి. దొరికినవానికి 10 ఆటల బహిష్కారము.

ఇక నొక విశేషము. క్రొత్తబంతి జారునది గనుక, ఆటకు ముందు బంతుల కన్నిటికిని ఒకవిధమగు బురద రుద్దుదురు. న్యూజెర్సీలో డెలావేరు నది ప్రాంతపు బురదను లీనా బ్లాక్‌బర్న్ 1938లో ఈ పనికి తెచ్చెను. అదియు పూతయే గదా! దోషమెందుల కంటదు? అది బహిరంగముగ జరుగును, ఇరుపక్షములకు సమానము. శకుని ద్యూతమును మనవారు నేటికిని గర్హించుట పాచిక లాడినందులకు కాదు, కపటముగ నాడినందులకు.

కావున పెద్దలారా, పంచాయతి కట్టుబాటైనను, చెఱువునీటి వంతైనను మూడంగములు కోరును: స్పష్టమగు విధి, అందఱిని సమముగ చూచు కన్ను, తప్పని దండన. రెండవది లేనినాడు మొదటిది నవ్వులపాలగును. మూడవది దొరికిన యొక్కని మీదనే పడును. తూములయొద్ద కావలి లేనిచో వంతుల చిట్టా యెంత చక్కగ వ్రాసినను, చివరి మడి యెండుట తప్పదు. సెలవు.