ఒక మాత్రలో రెండు మందులు

మధుమేహమునకు, అనగా మన పల్లెలలో చక్కెర జబ్బని పిలువబడు వ్యాధికి, నోటితో మ్రింగు మందులు నేడు పెక్కు కలవు. వానిలో రెండింటిని, ఒక్కొక్కప్పుడు మూడింటిని, ఒకే మాత్రగా కూర్చి అమ్ముట మన దేశమున సర్వసాధారణము. దినమునకు నాలుగు మాత్రలకు బదులు రెండు చాలుననుట రోగికి సుకరమే. కాని మాత్ర ఒకటి అయినంతనే మందు ఒకటి కాదు. ఈ సంగతి మరచుటవలన కలుగు ప్రమాదములను గూర్చి, మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల శ్రోతలను దృష్టిలో నుంచుకొని, కొంత ముచ్చటింపదలచితిమి. మేము వైద్యులము కాము. వైద్యులు చెప్పు విషయములను తేటపరచుటయే మా పని.

అసలు రెండు మందులెందుకు? పెద్దలలో తరచుగా కనబడు రెండవ రకపు మధుమేహములో లోపము ఒక్కచోట నుండదు. ఇన్సులిన్ ఉన్నను శరీరము దాని మాట వినదు. కాలేయము అవసరమునకు మించి చక్కెరను రక్తములోనికి వదలును. క్లోమగ్రంథి క్రమముగా అలసిపోవును. మెట్‌ఫార్మిన్ ముఖ్యముగా కాలేయమును అదుపులో నుంచును. దీనిని 1957లో ఫ్రెంచి వైద్యుడు జాన్ స్టెర్న్ మధుమేహ చికిత్సకు ప్రవేశపెట్టెను. గ్లిమిపిరైడు జాతి మందులు క్లోమమును పురికొల్పి ఇన్సులిన్‌ను వెలువరింపజేయును. వీని పుట్టుక విచిత్రమైనది. 1942లో ఫ్రాన్సులోని మోంపెల్లియే నగరమున టైఫాయిడ్ రోగులకు సల్ఫా జాతి మందు నొకదానిని ఇచ్చినపుడు, వారి రక్తములో చక్కెర ప్రమాదకరముగా పడిపోవుటను వైద్యులు గమనించిరి. ఆ గమనికయే ఈ మాత్రలకు దారి తీసినది. అనగా వీని మేలును, కీడును ఒక్క గుణమునుండియే వచ్చినవి.

మెట్‌ఫార్మిన్ ఒంటరిగా వాడినపుడు చక్కెర మరీ దిగజారుట అరుదు. గ్లిమిపిరైడు అట్లు కాదు. మనము తిన్నను, తినకున్నను అది తన పని తాను చేయుచునే యుండును. రెండును ఒకే మాత్రలో నున్నపుడు ఈ భేదము రోగికి కనబడదు. ప్రొద్దుననే మాత్ర మ్రింగి టమోటా గంపలతో మదనపల్లె మండీకి బయలుదేరిన రైతు, వేలము ముగిసిన పిమ్మట ఇంటికి పోయి సంగటి తిందమనుకొనిన, నడుమనే ఆపద రావచ్చును. గంగమ్మ జాతరకు ఒక్కపొద్దుండు ఇల్లాలికిని అంతే. గ్లిమిపిరైడు కలిసిన మాత్రను అన్నము ముందున్నపుడే మ్రింగవలెను. ఉపవాసముండదలచినవారు ముందుగానే వైద్యునడిగి మోతాదు మార్పించుకొనవలెను.

చెమట, వణకు, గుండెదడ, విపరీతమైన ఆకలి, మాట తడబాటు, ఇవి చక్కెర పడిపోవుటకు గుర్తులు. నూరు మిల్లీలీటర్ల రక్తములో చక్కెర 70 మిల్లీగ్రాములకు దిగినచో ప్రమాదమని తలంపవలెను. వెంటనే మూడు నాలుగు చెంచాల చక్కెర నీట కలిపి త్రాగవలెను. పదునైదు నిమిషములలో తేరుకొననిచో మరల త్రాగవలెను. పిమ్మట భోజనము చేయవలెను. స్పృహ తప్పినవారి నోటిలో ఏమియు పోయక ఆసుపత్రికి చేర్పవలెను. ఈ మందుల ప్రభావము గంటల తరబడి ఉండును గనుక, తేరుకొన్నవారిని సయితము ఒంటరిగా విడువరాదు. మరియొక ముఖ్య విషయము. కొన్ని మాత్రలలో వోగ్లిబోస్ అను మూడవ మందు కలిసి యుండును. అది మామూలు చక్కెర జీర్ణమగుటను ఆలస్యము చేయును. అట్టివారు చక్కెరకు బదులు గ్లూకోజు పొడిని దగ్గర నుంచుకొనవలెను.

కుప్పము మూడు రాష్ట్రముల కూడలి వంటిది. అచ్చటివారు ఒకప్పుడు స్థానికముగను, ఒకప్పుడు బెంగుళూరులోను, వేరొకప్పుడు వేలూరులోను వైద్యము చేయించుకొందురు. మూడు చీటీలపై మూడు కంపెనీ పేర్లుండును. లోపలి మందు మాత్రము ఒకటే కావచ్చును. మూడును వేర్వేరు మందులనుకొని మ్రింగినచో మోతాదు మూడింతలు కావచ్చును. అందుచేత కంపెనీ పేరును గాక, అట్టపై చిన్న అక్షరములతో ముద్రింపబడిన మందుల పేర్లను, వాని మిల్లీగ్రాములను చదివించుకొనవలెను. ఏ వైద్యుని కడకు పోయినను పాత అట్టలన్నియు వెంట తీసికొనిపోవలెను.

మదనపల్లె చెంత ఆరోగ్యవరము క్షయ ఆసుపత్రి 1915 నుండి పేరెన్నికగన్నది. క్షయకు ఒక్క మందు చాలదు, పలు మందులు కలిపి ఇయ్యవలెనని వైద్యలోకము తెలిసికొనుటను ఆ సంస్థ తన కాలముననే చూచినది. మధుమేహులకు క్షయ సోకు అవకాశము ఇతరులకంటె ఎక్కువ. క్షయకు వాడు రిఫాంపిసిన్, గ్లిమిపిరైడు వంటి మందుల బలమును తగ్గించును. అందుచే చక్కెర పెరుగును. క్షయ చికిత్స ముగిసి ఆ మందు ఆగినపుడు, పెంచిన మోతాదే కొనసాగినచో చక్కెర పడిపోవును. కావున ఒక వ్యాధి వైద్యునకు రెండవ వ్యాధి సంగతి తప్పక చెప్పవలెను.

పొరుగువారికి సరిపడిన మాత్ర మనకు సరిపడుననుట పొరపాటు. మందులన్నియు కలుపదగినవియు కావు. 2018లో భారత ప్రభుత్వము 328 మిశ్రమ ఔషధములను నిషేధించినది. వానిలో మధుమేహపు మిశ్రమములును ఉండెను. మూత్రపిండముల శక్తిని దెలుపు అంకె 30కి దిగువ నున్నవారు మెట్‌ఫార్మిన్ వాడరాదు. గనుక ఏటేట ఆ పరీక్ష అవసరము. వాంతులు, విరేచనములు పట్టి నీరు నిలువనపుడు, రంగుమందు ఎక్కించి స్కానింగు తీయునపుడు, ఈ మాత్రను కొనసాగింపవలెనా అని వైద్యునడుగవలెను. మెల్లగా కరగునట్లు చేయబడిన మాత్రను నమలరాదు, నూరరాదు. మరచిన మోతాదునకై మరునాడు రెండు మ్రింగరాదు. చక్కెర అదుపులోనికి వచ్చినదని తమంత తామే మానరాదు. అదుపు మాత్రవలననే వచ్చియుండవచ్చును.

ఇన్ని మాటలు జ్ఞాపకముంచుకొనుట కష్టమే. అందుచేత నేడే ఒక చిన్న కాగితముపై మీ మాత్రలోని మందుల పేర్లు, మిల్లీగ్రాములు, మ్రింగు వేళ, వైద్యుని ఫోను సంఖ్య వ్రాసి జేబులోనో, కొంగుముడిలోనో ఉంచుకొనుడు. అట్టిదే మరియొకటి ఇంటి గోడకు అంటింపుడు. చదువురాని పెద్దలకు ఇంటి పిల్లలు వ్రాసి ఈయవచ్చును. ఆపద వేళ మీరు మాటాడలేకపోయినను, ఆ కాగితము మీ పక్షమున వైద్యునకు సమాధానము చెప్పగలదు.