సుందరీకరణ అనే మాట చాలదు
ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్ వృత్తి నేటి స్థితి, రేపటి అవసరం: ప్రసంగ పాఠం



నగరపాలిక పత్రాలను కన్నడం నుంచి, ఆంగ్లం నుంచి తెలుగులోకి తేవడం నా ఉద్యోగం. ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్ వృత్తిని గురించి నాలుగు మాటలు చెప్పమని కోరినప్పుడు, నేను ఆ వృత్తికి చెందినవాడిని కాను గనుక, నాకు పరిచయమున్న దారినే, అంటే ఒక మాట వెంట, వెళ్లడం ఉచితమనిపించింది. ఆ మాట ‘సుందరీకరణ’.

చెరువు సుందరీకరణ, కూడలి సుందరీకరణ, ఉద్యానవన సుందరీకరణ. పట్టణాల పనుల పట్టికలలో, తెలుగు పత్రికల వార్తలలో ఈ మాట మనకు నిత్యపరిచితం. ఆంగ్లంలో ల్యాండ్‌స్కేప్ పని అన్నచోట తెలుగులో తరచుగా వచ్చి కూర్చునేది ఇదే. వినడానికి ఇంపైన మాట. కాని దానితోపాటు ఒక భావం కూడా వస్తుంది: కట్టవలసినవన్నీ కట్టిన తరువాత, మిగిలిన చోటులో, మిగిలిన సొమ్ముతో చేసే అలంకారం అని. గృహప్రవేశం నాడు గుమ్మానికి కట్టే తోరణం వంటిది అని.

ఈనాడు నేను మనవి చేయదలచినది ఒక్కటే. ఆ వృత్తి తోరణం కట్టేది కాదు, పునాదికి ముందే నేలను పరిశీలించేది. నీరు ఎటు పారుతుంది, మట్టి ఎంత నీటిని తాగుతుంది, ఏ చెట్టు వేరు ఎంత దూరం పోతుంది, మనుషులు ఏ దారిన నడుస్తారు అనే ప్రశ్నలను కలిపి ఆలోచించడం దాని పని. అటువంటి వృత్తిని చివర పిలిచే నగరం రెండు విధాల నష్టపోతుంది. వానకాలంలో మునుగుతుంది, వేసవిలో ఎండుతుంది.

ఈ వృత్తి పుట్టుకలోనే ఈ సంగతి ఉన్నది. 1858లో ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్, కాల్వెర్ట్ వాక్స్ అనే ఇద్దరి నమూనా న్యూయార్కు సెంట్రల్ పార్కు కోసం ఎంపికైంది. చూసేవారికి అది సహజమైన పచ్చికబయలు, సహజమైన కొలను. వాస్తవానికి అక్కడ ఉన్నది బండరాళ్లతో, బురదతో నిండిన నేల. పచ్చిక పరచడానికి ముందు భూమిలో మట్టి గొట్టాలు వేసి, నిలిచిన నీటికి దారి చూపారు. కంటికి కనిపించని ఆ పని మీదనే కంటికి కనిపించే అందం నిలిచింది.

మన దేశంలో ఈ విద్య ఢిల్లీలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లో 1970ల దశకం తొలినాళ్లలో స్నాతకోత్తర స్థాయిలో మొదలైంది. 2008లో నెలకొన్న విజయవాడ స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లోనూ నేడు ఈ శాఖ ఉన్నది. ఈ రంగంలోని వారు 2003లో తమకంటూ ఒక జాతీయ సంఘం ఏర్పరచుకున్నారు. చదువు ఉన్నది, సంఘం ఉన్నది. చట్టంలో మాత్రం ప్రత్యేకమైన చోటు లేదు. 1972 నాటి వాస్తుశిల్పుల చట్టం ప్రకారం నమోదు లేనివారు ఆర్కిటెక్ట్ అనే బిరుదు వాడుకోరాదు. ల్యాండ్‌స్కేప్ పనికి అటువంటి ప్రత్యేక మండలి లేనందువల్ల, నేలను, నీటిని ఏళ్ల తరబడి అభ్యసించినవారూ, కుండీలు అమరుస్తామనేవారూ ఒకే వరుసలో నిలబడుతున్నారు. పని అప్పగించేవారికి తేడా తెలియాలంటే పనిని గురించే తెలిసి ఉండాలి. అక్కడే మనం మన నగరం వైపు చూడవలసి వస్తుంది.

బెంగళూరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున, గట్టు మీద కూర్చున్న ఊరు. పక్కన జీవనది లేదు. అందుకే పూర్వులు లోయ వెంట లోయగా చెరువులు తవ్వారు. పైచెరువు నిండితే దాని కోడి దాటిన నీరు కాలువలో పడి దిగువ చెరువుకు చేరుతుంది. ఆ కాలువలకు రాజకాలువలని పేరు. ఒక చెరువును చూడడమంటే దాని పైదానిని, కిందిదానిని కూడా చూడడమే. ఈనాడు మెజెస్టిక్ బస్టాండు ఉన్న చోట ధర్మాంబుధి చెరువు ఉండేది. కంఠీరవ క్రీడాప్రాంగణం సంపంగి చెరువు నేల మీద నిలిచి ఉన్నది. చెరువు పోయినా పల్లం పోదు. నీటికి మన పటాలతో పని లేదు, పల్లమే దాని చిరునామా.

ఈ ఊరికి తోటల పేరు తెచ్చినవారిలో చాలామంది తమను ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టులని చెప్పుకోలేదు. 1760లో హైదరాలీ లాల్‌బాగ్ మొదలుపెట్టాడు. 1870లో రిచర్డ్ శాంకీ అనే ఇంజినీరు చేతిమీదుగా కబ్బన్ పార్కు రూపుదిద్దుకున్నది. 1908లో మైసూరు సంస్థానానికి వచ్చిన జర్మన్ ఉద్యానవేత్త గుస్తావ్ హెర్మన్ క్రుంబీగల్, ఒక వీధి చెట్లు పూత ముగించే వేళకు మరొక వీధి పూసేలా జాతులను ఎంచాడు. 1980ల దశకంలో అటవీశాఖ అధికారి సేతురాం నెగిన్హాళ్ ఆధ్వర్యంలో నగరమంతటా దాదాపు పదిహేను లక్షల మొక్కలు నాటారు. వీరందరిలో సామాన్యమైన గుణం ఒకటున్నది. తాము చూడబోని కాలం కోసం పని చేశారు. ఇది ఈ వృత్తికి స్వభావసిద్ధం. ఢిల్లీలోని సుందర్ నర్సరీని తీర్చిదిద్దిన మహమ్మద్ షహీర్ 2015లో మరణించారు. ఆ తోట తలుపులు ప్రజలకు తెరుచుకున్నది 2018లో.

ఇంత వారసత్వమున్న ఊరిలోనే 2017, 2018 సంవత్సరాల్లో బెళ్లందూరు చెరువు తగలబడింది. 2022 సెప్టెంబరులో ఔటర్ రింగ్ రోడ్డు పరిసరాల్లో కార్యాలయాల ఉద్యోగులు ట్రాక్టర్లెక్కి రాకపోకలు సాగించారు. 2024 మార్చిలో అదే నగరం తాగునీటి ట్యాంకర్ల కోసం ఎదురుచూసింది. ఏడాదిన్నర వ్యవధిలో వరద, కరవు. వాన తక్కువైన ఏడాది ఒక కారణం కావచ్చు. కాని పడిన నీటిని నిలుపుకొనే నేల తగ్గిపోవడం అంతకంటె పెద్ద కారణం. ఈ నష్టాన్ని ఎంత చక్కని పూలవరుసైనా పూడ్చలేదు.

చెరువు పునరుద్ధరణ అనే పేరుతో జరిగే పనుల్లో రెండు రకాలున్నాయి. మొదటి రకంలో పూడిక అంతా తీసి, చుట్టూ నిటారుగా కట్ట పోసి, దాని మీద నడకదారి వేసి, రాతి పలకలు, దీపాలు, ఫౌంటెన్ అమరుస్తారు. చెరువు గిన్నెలా తయారవుతుంది. ఫొటోలో ముచ్చటగా ఉంటుంది. కాని చెరువుకు సహజంగా కట్ట ఒకవైపే ఉంటుంది. మిగిలిన వైపు నేల మెల్లగా వాలుతూ, లోతులేని నీటితో, జమ్ముతో, రెల్లుతో ఉంటుంది. వాననీరు వచ్చేది అటునుంచే. కొంగలు నిలబడేది, చేప పిల్లలు పెరిగేది అక్కడే. ఆ వైపు కూడా కట్ట పోస్తే, నీరు వచ్చే దారికి మనమే అడ్డుగోడ కట్టినట్టు. ఆ కట్ట వెనుక నిలిచిన నీరు ఎవరి ఇంట్లోకో పోతుంది.

రెండవ రకానికి జక్కూరు చెరువు మంచి ఉదాహరణ. అక్కడ శుద్ధి కేంద్రం నుంచి వచ్చే మురుగునీరు నేరుగా చెరువులో పడదు. ముందుగా ఒక చిత్తడి నేల గుండా నిదానంగా పారుతుంది. అక్కడి నీటిమొక్కల వేళ్లు, వాటిని పట్టుకొని బతికే సూక్ష్మజీవులు మిగిలిన మలినాన్ని మరికొంత పీల్చుకుంటాయి. ఆ తరువాతనే నీరు చెరువు చేరుతుంది. తెలియనివారికి అది కలుపు పెరిగిన గుంటలా కనబడుతుంది. సుందరీకరణ పేరుతో మొదట పీకివేసేది దానినే. అందువల్లనే మాట విషయంలో నాకింత పట్టింపు.

ఇక వృత్తి లోపలి ఇబ్బందులు మూడింటిని ప్రస్తావిస్తాను.

మొదటిది వరుసక్రమం. రహదారి ఎత్తు, మురుగు గొట్టం లోతు, గోడల స్థానం అన్నీ నిర్ణయమైన తరువాత ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టును పిలుస్తారు. అప్పటికి నీటి దారి మార్చే వీలుండదు. మిగిలేది మొక్కల ఎంపిక మాత్రమే.

రెండవది ప్రతిఫలం. కట్టడానికయ్యే ఖర్చులో ఇంత శాతమని రుసుము నిర్ణయించడం వాడుకలో ఉన్నది. గ్రానైటు పరిస్తే ఖర్చు పెరుగుతుంది, దానితో రుసుమూ పెరుగుతుంది. ‘ఇక్కడ ఏమీ కట్టవద్దు, ఈ మట్టిని ఇలాగే ఉంచండి’ అని చెప్పడానికి ఎంతో జ్ఞానం కావాలి. ఆ సలహాకు లెక్క ప్రకారం విలువ సున్న. మంచి సలహా ఇచ్చినవారికి నష్టం కలిగించే పద్ధతి ఎంతకాలం మంచి సలహాను పుట్టించగలదు? చదువుకున్న యువతీయువకులు ప్రభుత్వ పనులను వదిలి విల్లాలు, రిసార్టుల వైపు వెళుతున్నారంటే వారిని తప్పుపట్టలేము.

మూడవది సంరక్షణ. భవనం పూర్తయిన నాడు కొత్తగా ఉంటుంది. తోట పూర్తయిన నాడు పసిబిడ్డ. నాటిన మొక్కకు తొలి రెండు మూడు వేసవులే గండం. ఆ కాలానికి నీరు పోసేవారి జీతం ఒప్పందంలో లేకపోతే, నాటిన లెక్క కాగితంలో ఉంటుంది, నేలలో ఉండదు. నిలిచిన చెట్టుకైనా మొదలు దాకా కాంక్రీటు పోస్తే ఊపిరాడదు. చెట్టు చుట్టూ ఒక మీటరు మేర కాంక్రీటు ఉండరాదని ఢిల్లీ విషయంలో జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లోనే ఆదేశించింది. ఆ మీటరు నేల ఏ నగరానికైనా అవసరమే.

ఈ వృత్తి భవిష్యత్తు ఎక్కడ ఉన్నదని అడిగితే, అందమైన బొమ్మలలో లేదని చెప్పగలను. కంప్యూటరు నేడు క్షణాల్లో అటువంటి బొమ్మలు వేసి ఇస్తున్నది. వాన పడుతున్నప్పుడు ఆ చోట నిలబడి నీటి నడక చూడడం, చేత్తో మట్టి తీసి పరీక్షించడం, అక్కడి వృద్ధులను అడిగి పాత కాలువ జాడ తెలుసుకోవడం దానికి చేతకాదు. ఆ పని చేసేవారికి ముందుముందు గిరాకీ పెరుగుతుందే గాని తగ్గదు.

ఆ జ్ఞానం మన మధ్యనే ఉన్నది. కర్ణాటకలో భోవి అని, మన్ను వడ్డర అని పిలువబడేవారు తరతరాలుగా చెరువులు, బావులు తవ్వినవారు. వారి ఇళ్లలో వినిపించేది తెలుగుకు అతి దగ్గరి పలుకు. నగరంలో ఇంకుడు బావులు తవ్వే ఉద్యమంలో, కబ్బన్ పార్కులోని పాత బావులను తిరిగి తేర్చిన పనిలో వారి చేయి ఉన్నది. ఎన్ని అడుగుల లోతున ఏ మట్టి తగులుతుందో వారికి అనుభవం మీద తెలుసు. కోలారు వైపు తూము తెరిచి, పొలాలకు వంతుల వారీగా నీరు పంచే మనిషిని నీరుగంటి అంటారు. కన్నడిగులకూ, తెలుగువారికీ ఉమ్మడి మాట అది. ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టు గీసే పటంలో వీరి తెలివికీ, తోటమాలి తెలివికీ చోటు దొరికిన నాడు ఆ పటం ఈ నేలది అవుతుంది. వీరికి కూలీ మాత్రమే కాక సలహా రుసుము కూడా దక్కినప్పుడే అది న్యాయమవుతుంది.

మరి ఈ వృత్తికి తెలుగులో ఏ పేరు పెట్టాలి? ‘భూదృశ్య వాస్తుశిల్పం’ అనవచ్చు. అయితే అందులోని ‘దృశ్యం’ మళ్లీ కంటికే పరిమితమవుతుంది. నా అభిప్రాయంలో వృత్తి పేరును ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్ అనే ఉంచుకున్నా నష్టం లేదు. బస్సును, రైలును తెలుగు చేసుకున్నవాళ్లం, దీనినీ చేసుకోగలం. పనుల పేర్లు మాత్రం మన మాటల్లో, విడివిడిగా ఉండాలి. సుందరీకరణ అని ఒక్క పద్దు రాయడానికి బదులు: నీటి రాకపోకల పరిశీలన ఒక పద్దు, మట్టిని బాగుచేయడం ఒక పద్దు, చిత్తడి నేల సంరక్షణ ఒక పద్దు, మొక్కలు నాటడం ఒక పద్దు, మూడేళ్ల పోషణ ఒక పద్దు. పేరున్న పనికి డబ్బు కేటాయించక తప్పదు. పేరున్న పని జరగకపోతే అడగడానికి వీలుంటుంది.

అడగవలసినది మనమే. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ వార్డు సమితులకు చోటు కల్పించింది. మీ వార్డులో పార్కు పనో, చెరువు పనో వచ్చినప్పుడు సమావేశానికి వెళ్లండి. తెలుగులో అడిగినా, కన్నడంలో అడిగినా నాలుగు ప్రశ్నలు వేయండి. వాననీరు ఎటునుంచి వచ్చి ఎటు పోతుంది? ఎంత నేలను కప్పకుండా వదులుతున్నారు? పథకం గీసిన మనిషి వానకాలంలో ఇక్కడికి వచ్చి చూశారా? మూడేళ్లపాటు నీరు పోసేది ఎవరు, వారి జీతం ఏ పద్దులో ఉన్నది?

ఈ ప్రశ్నలకు సమాధానం చెప్పగలవారే ఆ వృత్తికి అర్హులు. ఈ ప్రశ్నలు వేసే వార్డులు పెరిగితే, వారిని చివర కాక మొదటే పిలిచే రోజు తప్పక వస్తుంది.