చికిత్సకు ముందు చూపు

ఆళ్లగడ్డ శిల్పి ఉలి పట్టుటకు ముందు రాతిమీద గీతలు గీయును. ఎంత చెక్కవలెనో, ఎచ్చట ఆగవలెనో ఆ గీతలే చెప్పును. మూత్రపిండమునందలి రాతిని తీయు వైద్యుడును అట్లే స్కానింగులో రాయి ఎచ్చట నున్నదో, ఎంత యున్నదో చూచుకొనిన పిదపనే పనికి పూనుకొనును. కాని ఆ రాతిని మోయుచున్న రోగికి మాత్రము ఏమియు కనబడదు. నలుపు తెలుపుల ఫిల్మును చూపి 'ఇదిగో రాయి' యన్నచో తల యూపునే గాని, బోధపడినది స్వల్పము. బోధపడని చోటనే భయము కాపురముండును.

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతములలో ఎండలు మెండు. పొలములో చెమటోడ్చువారు తగినంత నీరు త్రాగకున్న మూత్రము చిక్కబడి, అందలి లవణములు గడ్డకట్టి, క్రమముగా రాళ్లగును. వయసు మళ్లిన పురుషులలో పెక్కుమందికి ప్రోస్టేటు గ్రంథి పెరిగి మూత్రధార సన్నగిల్లును. ఈ బాధలకు చికిత్స కలదు. కాని చెప్పుకొనుటకు సిగ్గు. 'అక్కడ గొట్టము వేయుదురట' అను మాట చెవిని బడగానే ఆసుపత్రి గడప తొక్కుటకు కాలాడదు. ఆ పసరు, ఈ పసరు అని నెలలు గడచును. ఈలోగా రాయి అడ్డుపడి మూత్రము వెనుకకు తన్నగా మూత్రపిండము ఉబ్బి, తుదకు పనికిరాకుండ పోవచ్చును. కావున ఈ భయమునకు గూడ చికిత్స అవసరమే.

వైద్యుని చూపు ఎంతయో దూరము సాగినది. 1877లో మాక్స్ నిట్జే అను జర్మను వైద్యుడు దీపము, కటకములు అమర్చిన గొట్టముతో మూత్రాశయము లోపలి భాగమును చూచు సాధనమును రూపొందించెను. 1976లో స్వీడను వైద్యులు వీపున చిన్న రంధ్రము చేసి రాతిని తీయు పద్ధతిని ప్రకటించిరి. 1980లో మ్యూనిక్ నగరమున, కత్తి లేకయే శబ్ద తరంగముల తాకిడితో రాతిని పొడి చేసిరి. ఇన్ని మార్పులలో వైద్యుని కన్ను నిశితమైనదే గాని, రోగి కన్ను ఉన్నచోటనే యున్నది.

ఇప్పుడు ఆ కొరతను తీర్చు సాధనము వచ్చినది. దానిని వర్చువల్ రియాలిటీ యందురు. కన్నులకు అద్దముల పెట్టె వంటిది తగిలించుకొనిన, చుట్టును వేరొక ప్రదేశము కనబడును. తల త్రిప్పిన దృశ్యమును తిరుగును. ఐవాన్ సదర్లాండ్ 1968లోనే ఇట్టి తలపరికరమును చూపెను. 1990ల నాటికి అమెరికాలోని సియాటిల్ నగరమున కాలిన గాయములకు కట్లు మార్చునపుడు రోగుల దృష్టి మరల్చుటకు దీనిని వాడనారంభించిరి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు ఇర్వైన్ శాఖ వైద్యులు మరియొక అడుగు వేసి, రోగి స్కానింగునుండియే అతని మూత్రపిండపు రూపమును నిర్మించి, శస్త్రచికిత్సకు ముందు వైద్యులకును, రోగులకును చూపిరి. తమ వ్యాధి చక్కగా బోధపడినదనియు, ఆందోళన తగ్గినదనియు రోగులు చెప్పినట్లు 2019లో ప్రకటించిరి.

ఇది కోటలోని రాజులకే గాని మనకెక్కడిదని తలపవలదు. 2014లో గూగుల్ సంస్థ అట్టముక్కతో కళ్లద్దముల పెట్టెను చేసి చూపినది. అందులో సెల్‌ఫోను పెట్టిన చాలును. 2022లో నంద్యాల జిల్లా ఏర్పడినది. 2023లో నంద్యాలలో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైనది. అచ్చటి యువ వైద్యులు తలచినచో, మన సీమ యాసలోనే పది నిమిషముల చిత్రమును తీయవచ్చును.

అందేమి చూపవలెను? సిస్టోస్కోపీ పరీక్షనే తీసికొందము. గది తలుపు, బల్ల, కప్పు దుప్పటి, ప్రక్కన నిలుచు నర్సు, తిమ్మిరి కలిగించు జిగురుమందు, పెన్సిలు కంటె లావు కాని వంగెడి గొట్టము, లోపలి దృశ్యము కనబడు తెర; ఇవన్నియు వరుసగా చూపవలెను. పరీక్ష సాధారణముగ కొద్ది నిమిషములలో ముగియునని చెప్పవలెను. పిదప ఒకటి రెండు దినములు మంట, మూత్రములో కొద్దిపాటి ఎరుపు ఉండవచ్చుననియు, చలిజ్వరము వచ్చినను, మూత్రము బంధించినను వెంటనే ఆసుపత్రికి రావలెననియు దాచక చెప్పవలెను. నొప్పి లేదని బొంకిన చిత్రము మరునాడే నమ్మకమును పోగొట్టును.

ఎగువ అహోబిలమునుండి జ్వాలా నరసింహుని సన్నిధికి పోవువారు ముందుగా వెళ్లి వచ్చినవారిని దారి అడుగుదురు. ఎచ్చట నిట్టనిలువు ఎక్కుడో, ఎచ్చట కూర్చుండవచ్చునో తెలిసినంత మాత్రమున కొండ పొట్టిది కాదు. కాని కాలికి ధైర్యము వచ్చును. ఈ సాధనము చేయు మేలును అంతియే.

కొన్ని జాగ్రత్తలు కలవు. కొందరికి తల తిరుగును, వాంతి వచ్చినట్లుండును. మూర్ఛవ్యాధి కలవారు ముందుగా వైద్యునికి చెప్పవలెను. శుక్లముల వలన చూపు మందగించిన వృద్ధులకు ఇది కొరగాకపోవచ్చును. స్త్రీలకు స్త్రీయే దగ్గరుండి చూపుట మేలు. చూడనొల్లనివారిని నిర్బంధింపరాదు. అన్నిటికంటె ముఖ్యముగా, చిత్రము చూపితిమి గదా యని వైద్యుడు మాటాడుట మానరాదు. చూచిన పిదప రోగి అడుగు ప్రశ్నలకు జవాబు చెప్పునది మనిషియే. ఆ జవాబులు విని, తెలిసి సమ్మతించినపుడే కాగితముమీది సంతకమునకు అర్థము.

అట్టి పెట్టె మన ఊరికి వచ్చువరకును నోరు కలదు గదా! ఏమి చేయుదురు, ఎంతసేపు, నొప్పి ఎంత, పిదప ఏమి తినవలెనని అడుగుటకు సిగ్గుపడవలదు. తాత ముత్తాతల మాట వినని వయసువారు సయితము ఇంటి పెద్దలను వెంటబెట్టుకొని వెళ్లుట మంచిది. భయములో ఒకరు మరచినది మరియొకరు జ్ఞప్తి చేయుదురు. వైద్యుడు వేరుగా చెప్పనిచో నీరు సమృద్ధిగా త్రాగుడు. మూత్రములో రక్తము కనబడినను, ధార తగ్గినను దాచుకొనవలదు. రాయి కొన్నాళ్లు ఊరకుండవచ్చును గాని, అడ్డుపడినపుడు మూత్రపిండము ఓర్చుకొను కాలము కొంచెమే.